బార్డర్ భాయి సర్దిన గళ్లు

ఆ రోజుల్లో మనిషికి ఆశ పుట్టించడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కరలేదు. కాగితం మీద కొన్ని తెల్లగళ్లూ, వాటి మధ్య కొన్ని నల్లగళ్లూ అచ్చువేసి, కింద అడ్డం, నిలువు అంటూ ఆధారాలు ఇస్తే చాలు, నాలుగక్షరాలు వచ్చిన ప్రతివాడూ పెన్సిలు చెక్కుకుని కూర్చునేవాడు. కర్నూలు రాజధాని అయిన కొత్త. ఊళ్లో ఇళ్లు చాలక సర్కారు కచేరీలు చాలావరకు డేరాల్లోనే నడిచేవి. మద్రాసు పత్రికలు రైలు దిగి మా దాకా వచ్చేసరికి మధ్యాహ్నమయ్యేది. వాటిలో వార్తలు అప్పటికే వాడిపోయి ఉండేవి గానీ, గళ్లు వాడిపోవు కదా. డేరా తాళ్లకు ఆనుకుని నిలబడిన గుమాస్తాలు దారిన పోయేవాళ్లను ఆపి, మూడక్షరాల పక్షి ఏదైనా తెలుసా అని అడిగేవాళ్లు. హోటల్లో దోసె ముందర పెట్టుకుని దాన్ని మరిచిపోయినవాళ్లను చూశాను. ఒకసారి క్షౌరశాలలో నా గడ్డమే సగంలో ఆగిపోయింది (పక్క కుర్చీలోని పెద్దమనిషి ‘ఓర్పుకు ఇంకో మాట’ అడిగాడు, ఆ మాట దొరికేదాకా కత్తి నా చెంప మీద ఓర్పుగా ఉంది). లోకమంతా గళ్లు పూరించే పనిలో ఉండగా, నేను మాత్రం గళ్లు వేసే పక్కన పడ్డాను. కాబట్టి ఆశ సంగతి నన్ను అడక్కండి. నిరాశ గురించయితే కొంచెం చెప్పగలను.

మాది కడప. మా మేనమామకు అక్కడ బండల అంగడి ఉండేది. గనుల నుంచి వచ్చిన నల్లబండలను కోసి, నునుపు చేసి, ఇళ్లకు గచ్చులు పరిపించడం ఆయన వ్యాపారం. మా నాన్న ఆ అంగడిలోనే కూర్చునేవాడు. పెద్దయ్యాక నేనూ అక్కడే కూర్చోవాలన్నది మా ఇంట్లో ఎవరూ నోరు తెరిచి చెప్పని తీర్మానం. మామ మంచివాడే. కాకపోతే ఆయనకు లోకం నేల మీదే ఉండేది. పెండ్లికి పోయినా ముందు కిందికి చూసేవాడు. వధూవరులను ఆ తర్వాత, తీరిక ఉంటే చూసేవాడు. ఎండాకాలంలో ఆ బండల మధ్య నిలబడితే కింది నుంచి ఒక ఎండ, పై నుంచి ఒక ఎండ. డిగ్రీ చదివినవాణ్ని, నాకు పత్రికలో చేరాలని ఉండేది. కర్నూలులో కొత్తగా పెట్టిన ఒక వారపత్రికలో పని దొరికిందని చెప్పినప్పుడు మామ చేతిలోని కొలబద్ద కింద పెట్టి, “రాసేదాంట్లో ఏముందప్పా, గాలికి ఎగిరిపోతాది. బండ ఎగరదు” అన్నాడు. చివరికి మా అమ్మ కన్నీళ్లకు మెత్తబడి ఒక గడువు పెట్టాడు. ఉగాదిలోపల నా ఉద్యోగం ఖాయమైతే కర్నూలులోనే ఉండొచ్చు. కాకపోతే పండగ మరుసటి రోజే కడప బండి ఎక్కాలి. “ఈడ బండలు యాడికీ పోవు. నీకోసం కాసుకోని ఉంటాయి” అని ధైర్యం చెప్పి పంపాడు. ఆ మాటకు నాకు చాలా రోజులు నిద్రపట్టలేదు.

మా పత్రిక యజమానీ సంపాదకుడూ ఒకరే. అందరూ ఆయన్ను పెద్దాయన అనేవాళ్లం. నందికొట్కూరు పక్క మెట్టభూములున్న కుటుంబం. రాజధాని వచ్చిన ఊరికి పత్రిక లేకపోతే పరువు ఉండదని ఒక పాత అచ్చుయంత్రాన్ని, దానితోపాటు దాని మనుషులనూ కొన్నారు. ఆయన పత్రికను చదవగా నేను చూడలేదు. చెయ్యి చాపినంత దూరాన పట్టుకుని, తల కొంచెం వెనక్కు వాల్చి, పటం చూసినట్టు చూసేవారు. పేజీ కంటికి ఇంపుగా ఉంటే వార్తలు బాగున్నట్టే.

యంత్రంతోపాటు వచ్చిన మనిషి మా కంపోజిటరు. అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చి పేజీ కట్టేవాడు. పత్రిక పెట్టకముందు ఆ అచ్చాఫీసు పెండ్లి పత్రికలకు పేరుమోసింది. వాటి చుట్టూ పూలూ తీగలూ చుక్కలూ పేర్చి అంచులు కట్టడంలో ఆయనకు సాటి జిల్లాలో లేడట. అందుకే బార్డర్ భాయి అన్న పేరు. నేను చూసినవాళ్లలో అంత శ్రద్ధగా పనిచేసే మనిషి లేడు. ఒకే ఒక చిక్కు ఏమిటంటే, పేజీలో ఒక పక్క బరువుగా, ఇంకో పక్క తేలిగ్గా ఉంటే ఆయన ఒంట్లో నలతగా ఉండేది. ఎడమపక్క శీర్షిక పొడవైతే కుడిపక్క దానికి ఇంకో మాట తగిలించమని బతిమాలేవాడు. ఒకసారి ఎడమ కాలమ్‌లో ఎవరిదో చావువార్త ఫొటోతో సహా వేశాం. భాయి మెల్లగా నా బల్ల దగ్గరికి వచ్చి, “ఇటుపక్క బోసిగా ఉండాది సార్. ఇంకెవరూ పోలేదా?” అని అడిగాడు.

శివరాత్రి దగ్గరపడుతున్నప్పుడు పెద్దాయన నన్ను పిలిచారు. డేరాల్లో అందరి చేతుల్లోనూ మద్రాసు పత్రికలే ఉన్నాయని, కారణం ఆ గళ్లేనని ఎవరో ఆయన చెవిన వేశారు. మనమూ గళ్లు వెయ్యాలి, బహుమతిగా గ్యాసు లైటు ఇవ్వాలి అని తేల్చారు. (కరెంటు అంతంతమాత్రంగా ఉన్న ఆ రోజుల్లో గ్యాసు లైటు ఉన్న ఇల్లంటే ఊరికి తెలిసిన ఇల్లే.) లైటును తెచ్చి కార్యాలయం గుమ్మంలో వేలాడదీశారు కూడా. గళ్లు వేసే పని నా నెత్తిన పడింది. ఇది కుదిరితే ఉగాదికి ఖాయం చేస్తాననీ అన్నారు. నా బతుకు మొత్తం నల్లగళ్లకూ నల్లబండలకూ మధ్య నిలబడిందని నాకు అప్పుడే తెలిసిపోయింది.

గళ్లు పూరించడం వేరు, కట్టడం వేరు. ఒక మాట అడ్డంగా కూర్చుంటే నిలువు మాట లేచి నిలబడేది కాదు. అది నిలబడితే పక్కమాట పడిపోయేది. ఎక్కడ మాట ఆగితే అక్కడ ఒక నల్లగడి పెట్టుకుంటూ పోయాను. అన్నీ కుదిరేసరికి ఎడమపక్క నల్లగళ్లు గుంపుగా చేరాయి, కుడిపక్క పల్చబడ్డాయి. చూడ్డానికి ఎలుకలు కొట్టిన గోనెసంచిలా ఉంది. అయినా ప్రతి మాటా ప్రతి మాటతో కలిసింది. నాకు అన్నింటికన్నా గర్వంగా ఉన్నవి మొదటి రెండు ఆధారాలు. అడ్డం ఒకటి: ‘పోయినాక తెలిసేది, తెలిసినాక రానిది’. జవాబు ‘చిన్నతనం’, నాలుగు గళ్లు. అదే ‘చి’ నుంచి కిందికి దిగే నిలువు ఒకటి: ‘మన సీమ నది, పారినప్పుడు’. జవాబు ‘చిత్రావతి’. ఆ ‘పారినప్పుడు’ అన్న మాట రాసి నాలో నేనే చాలాసేపు నవ్వుకున్నాను. ఆ రోజుల్లో ఆ గళ్ల మూలంగా నేను నవ్విన నవ్వు అదొక్కటే.

అచ్చాఫీసులో నల్లగళ్లకు వేరే దిమ్మలు లేవు. భాయి తన పెండ్లి పత్రికల సరంజామా వెతికి, అంచులకు వాడే నల్లచదరాల దిమ్మలు బయటికి తీశాడు. చేటు అక్కడే మొదలైందని ఇప్పుడు తెలుస్తోంది. అంచు దిమ్మలు చేతికి వస్తే ఆ చేయి అంచే కడుతుంది గానీ ఇంకేం కడుతుంది? అయితే ప్రూఫు మాత్రం సరిగానే తీసి ఇచ్చాడు. గడి గడి, మాట మాట సరిచూసి సంతకం పెట్టాను. అంతలో గాలి లేచింది. మా పక్క గాలి లేస్తే ఊరు కనపడదు, దుమ్మే కనపడుతుంది. కచేరీ డేరాలు కొన్ని కూలిపోయాయనీ, ఫైళ్లు తుంగభద్ర ఇసుకలోకి ఎగిరిపోతున్నాయనీ కబురొస్తే పెద్దాయన నన్ను వార్తకు తరిమారు. గుమాస్తాలు కాగితాల వెంట, నేను గుమాస్తాల వెంట పరుగెత్తి, సాయంత్రానికి కళ్లనిండా మన్నుతో తిరిగొచ్చాను. యంత్రం అప్పటికే తిరుగుతోంది. గళ్లు కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటే సర్దినానని భాయి చెప్పాడు. దిమ్మలు వరుస తప్పి ఉంటే తట్టి కూర్చోబెట్టాడేమో అనుకున్నాను. మంచిపని చేశావు భాయి అన్నాను. తర్వాత మొహం కడుక్కోవడానికి పోయాను.

తెల్లారి పత్రిక తెరిచాను. గళ్లు అద్భుతంగా ఉన్నాయి. నాలుగు మూలలా నాలుగు నల్లపూలు, నడిమధ్యన ఒక పెద్ద పూవు, వాటిని కలుపుతూ తీగలు. కుడి అరచెయ్యి ఎడమ అరచేతికి ఎదురుగా పెట్టినట్టు ఇటు ఎన్ని ఉంటే అటు అన్ని. అడ్డం ఒకటికి నాలుగు గళ్లు పోయి రెండు మిగిలాయి. నిలువు ఒకటి మూడు గళ్లు దిగి తీగకు తగిలి ఆగిపోయింది. మిగతా ఆధారాల్లో ఒక్కటి కూడా తన మాటకు సరిపడే చోట లేదు. పత్రిక చేతిలో పట్టుకుని భాయి దగ్గరికి పోయాను.

“ఈ నల్లగళ్లు ఎందుకు కదిపినావు భాయి?”

“ఎడమపక్క గుంపుగా ఉండె సార్, కుడిపక్క ఎవరూ లేకుండె. చూస్తాంటే పేజీ ఒరిగి పడిపోయేటట్లు ఉండె. బరాబర్ చేసినా.”

“మరి అంకెలు?”

“అవి గూడా అంతే సార్. అన్నీ ఒకచోటనే కూర్చుంటే ఏం బాగుంటాది? తలా ఒకచోట పంచినా.” అని నా చేతిలోని పత్రికను తన వైపు తిప్పుకుని, బిడ్డ మొహం చూసినట్టు చూశాడు. “పొద్దున మా ఇంట్లో చూపిస్తే, ఎవరి పెండ్లి అని అడిగినారు.”

ఆ మొహం చూసి వెనక్కు తిరిగాను. పెద్దాయనతో నిజం చెప్పేద్దామని పోతే, ఆయన వసారాలో నిలబడి పత్రికను చేయి చాపి పట్టుకుని ఉన్నారు. తల మామూలుకన్నా ఇంకొంచెం వెనక్కు వాలింది. మద్రాసు వాళ్లు కూడా ఇంత పద్ధతిగా గళ్లు వెయ్యలేరని, ఇన్నాళ్లకు మన పత్రిక పత్రికలా ఉందని వచ్చినవాళ్లకు చూపిస్తున్నారు. నన్ను చూడగానే భుజం తట్టి, ఇట్లాగే వేస్తూ ఉంటే ఉగాది సంగతి నేను చూసుకుంటానన్నారు. ఆయన నన్ను తాకి మాట్లాడటం అదే మొదలు. చెప్పబోయిన నిజం నోట్లోనే ఉండిపోయింది. పోనీ, చదివేవాళ్లే తిట్టుకుంటూ ఉత్తరాలు రాస్తారు, అప్పుడు తెలుస్తుందిలే అని నన్ను నేను సమాధానపరుచుకున్నాను. జనం తిట్ల మీద నాకు అంత నమ్మకం ఉండేది.

ఎవరూ తిట్టలేదు. అదే నా ఖర్మ. తిట్లకు బదులు జవాబులు వచ్చాయి. టపాలోనూ, మనుషుల చేతనూ, బస్సు డ్రైవర్ల చేతనూ వచ్చాయి. అన్ని గళ్లూ నిండి వచ్చాయి. అచ్చులో పడిందంటే తప్పుండదని మా జిల్లాల వాళ్లకు ఎంత నమ్మకమో నేను అప్పుడే చూశాను. మాట పట్టకపోతే తప్పు తమదే అనుకున్నారు. ఒకాయన ఒక్కో గడిలో మూడేసి అక్షరాలు ఆవగింజల్లా కూరాడు. ఒక బడిపంతులు నల్లగళ్లలో సున్నంతో రాశాడు. కడప నుంచి ఒకాయన పేజీ అంచున కొత్త గళ్లు గీసి అతికించి, ‘చాలని చోట్ల నా సొంత ఖర్చుతో గళ్లు చేర్చుకున్నాను, మన్నించగలరు’ అని వినయంగా రాశాడు. ఒక ప్లీడరు గారైతే ఇంత ఉన్నత ప్రమాణం గల ప్రహేళిక తాను చూడలేదని, తనకు నాలుగింట ఒక వంతు మాత్రమే అర్థమైందని ప్రశంసించారు. ఆ ఉత్తరాన్ని పెద్దాయన తన జేబులో పెట్టుకు తిరిగారు.

జవాబుల గడువు ముగిశాక సరైన సమాధానం అచ్చువెయ్యాలి. లేని సమాధానాన్ని ఎక్కణ్నుంచి తేవాలి? భాయి పూలతీగల మధ్య నా మాటలు ఎట్లాగైనా పట్టించాలని ఉన్న సెలవులన్నీ వాటి మీదే పోశాను. గళ్లు కట్టినవాణ్ని నేను, వాటికి జవాబు దొరక్క జుట్టు పీక్కుంటున్నవాణ్నీ నేనే. అడ్డం ఒకటిలో ఉన్న రెండు గళ్లను చూసినప్పుడల్లా ‘చిన్నతనం’ అన్న మాటే వచ్చి గుమ్మంలో నిలబడేది. ఇంకో మాట లోపలికి రావడానికి దారి ఇచ్చేది కాదు. భాయి నా అవస్థ చూడలేక, “అచ్చరాలు గూడా నాకే ఇయ్యండి సార్, సమానంగా పంచి పెడ్తా” అన్నాడు. ఆ పూట ఆ మాట కూడా కొంత నయమనిపించింది.

ఉగాదికి వారం ఉందనగా ఒక రైల్వే గార్డు మా కార్యాలయానికి వచ్చారు. నెరిసిన మీసం, నల్లకోటు, చంకలో చుట్టిన పచ్చజెండా. డోన్‌లో కాపురం. మద్రాసు పత్రికల గళ్లన్నీ, బండి ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు పోయేలోపలే పూరించేస్తాడని డోన్ జంక్షన్లో ఆయన్ను పజిల్ గార్డు అంటారట. అది ఆయన గొప్పకు చెప్పలేదు. గొప్ప పోయినవాడు పాత సంగతి చెప్పినట్టు చెప్పారు. మా పత్రికను మడతలు చిరిగేంతగా తిప్పి ఉన్నారు. పెద్దాయన పక్కనే ఉన్నారు, భాయి లోపల పనిలో ఉన్నాడు.

“లైటు నాకొద్దు నాయనా” అన్నారు గార్డు గారు. “బండి లైన్‌క్లియర్ కాక నిలబడినట్లు మీ గళ్ల కాడ నిలబడిపోయినా. రాతిరి పండుకుంటే అవే కనపడతాండాయి. ఇన్నాళ్లు నాకు తెలుగు వచ్చని అనుకుంటాంటి. డోన్‌లో నలుగురూ అనుకుంటాండ్రి. రాదని తేలిపోయె. ఒక్కటి చెప్పు, నేను యాడ తప్పినా?”

ఆయన కళ్లలోకి చూశాక, బండలు నాకోసం కాసుకుని ఉన్న సంగతి ఒక్క క్షణం మరిచిపోయాను. మీరు ఎక్కడా తప్పలేదు, గళ్లే తప్పు, అచ్చులో నల్లగళ్లు తారుమారయ్యాయి, వాటిని ఎవరూ పూరించలేరు అని చెప్పేశాను. చెప్పాక ఒళ్లు తేలికపడింది. కానీ ఆ మాటను ఎవరూ నమ్మలేదు. గార్డు గారు నా వైపు జాలిగా చూసి, “వయసులో పెద్దోణ్ని. నన్ను ఓదార్చద్దు” అన్నారు. పెద్దాయన భాయిని పిలిచి గళ్లలో తప్పుందా అని అడిగారు. భాయి గుండె మీద చెయ్యి పెట్టుకుని, తానే కొలిచి చూశానని, నాలుగు పక్కలా బరాబర్ అని సాక్ష్యం చెప్పాడు. చివరి ఆధారంగా నేను కట్టిన అసలు గళ్ల కాగితం సొరుగులోంచి తీశాను. జవాబులు చూడటం అన్యాయమని గార్డు గారు వెంటనే పచ్చజెండా విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పెద్దాయన ఆ కాగితాన్ని చేయి చాపి పట్టుకుని, తల వెనక్కు వాల్చి, మొహం చిట్లించారు.

“ఏమప్పా, ఇంత వికారంగా ఉండేది ఒప్పు, ఆ పూలమాదిరి ఉండేది తప్పా?”

పెద్దాయన ఆ రోజే తీర్పు చెప్పారు. ఎవరూ పూరించలేరని నువ్వే అంటున్నావు కాబట్టి ఉన్నమాటే వేద్దాం అన్నారు. ఆ వారం పత్రికలో ‘సరైన సమాధానం ఒక్కటి కూడా రాలేదు’ అని పడింది. మా పత్రిక అచ్చువేసిన వాటిలో అంతకన్నా నిఖార్సయిన నిజం ఇంకొకటి లేదు.

దాంతో ఊరు అట్టుడికింది. కృష్ణా, గుంటూరు పక్కల నుంచి వచ్చిన డేరాల గుమాస్తాలు, రాజధాని ఊళ్లో తెలుగు వచ్చినవాడు ఒక్కడూ లేడా అని నవ్వారట. (జవాబులు పంపి తప్పినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. ఆ సంగతి వాళ్లు మరిచిపోయారు.) ప్లీడరు గారు ఉత్తరం వెనక్కు అడిగారు. ఊరి పెద్దలు కొందరు వచ్చి, మన పత్రికే మన పరువు తీసిందని పెద్దాయన ఎదుట బాధపడ్డారు. ఉగాది పచ్చడి తిన్న సాయంత్రం పెద్దాయన నన్ను పిలిచి, కోపం లేకుండానే మాట్లాడారు.

“నీకు శానా తెలివి ఉండాదప్పా. అంత కష్టమైన గళ్లు పెట్టినావు. మన పేపరుకు అంత తెలివి పనికిరాదు. నువ్వు మద్రాసు పో, బాగుపడతావు.”

తప్పు చేసినందుకు ఉద్యోగం పోయిందంటే ఒక అందం ఉంది. తెలివి ఎక్కువైందని పోవడం, అదీ లేని తెలివికి పోవడం ఎవరితో చెప్పుకోవాలి? గ్యాసు లైటు ఎవరికీ దక్కలేదు కాబట్టి పెద్దాయన వసారాలో వెలిగింది. పత్రికకు అంత అందం తెచ్చినందుకు భాయికి కొత్త పంచెలు పెట్టారు. సాగనంపడానికి భాయి స్టేషన్‌కు వచ్చాడు. నా పెట్టె ఒక చేతిలో, మూట ఇంకో చేతిలో ఉంటే చూసి, మూటలోంచి రెండు పుస్తకాలు తీసి పెట్టెలో సర్ది, రెండు చేతులూ సమానం చేసి పంపాడు.

డోన్‌లో బండి చాలాసేపు ఆగింది. ప్లాట్‌ఫారం మీద గార్డు గారు కనబడ్డారు. వేరే బండి దిగి ఇంటికి పోతున్నారు. నన్ను గుర్తుపట్టి కిటికీ దగ్గరికి వచ్చారు. ఉద్యోగం పోయిందన్నాను. ఇంక నాకు అబద్ధంతో పనిలేదు, ఓదార్పుతోనూ పనిలేదు, కాబట్టి వినండి అని మొత్తం చెప్పాను. ఆ గళ్లతో నేను పడిన పాట్లు కూడా చెప్పాను. ఆయన చివరిదాకా విని, కోటు గుండీ ఒకటి పెట్టుకుని, మళ్లీ తీశారు.

“నువ్వు గూడా పూరించలేకపోయినావా?”

“ఒక్కటి కూడా.”

ఆయన మొహంలో మెల్లగా ఏదో తేటపడింది. “అట్లయితే ఫరవాలేదు” అన్నారు. తర్వాత నా చెవికి దగ్గరగా వంగి, “నాకు అడ్డం ఒకటి మాత్రం దొరికింది. రెండు గళ్లకూ సరిగ్గా సరిపోయె” అన్నారు.

అదేమిటని అడిగాను. అడ్డం ఒకటికి జవాబే లేదు కదా, ఎట్లా సరిపోతుంది? ఆయన తల అడ్డంగా ఊపారు. “చెప్పను. నీది నాకొద్దు, నాది నీకియ్యను. ఆ గళ్లల్లో నాకు మిగిలింది అదొక్కటే.” బండి కదిలింది. ఆయన అలవాటుగా జెండా ఎత్తబోయి, అది తన బండి కాదని గుర్తొచ్చి దించుకున్నారు.

కడపలో దిగి, తల వంచుకుని అంగడికి పోయాను. మామ ఇంట్లో ఉన్నాడన్నారు. ఇంటికి పోతే వసారాలో మనుషులు వంగి పనిచేస్తున్నారు. గుమ్మంలో అడుగు పెట్టబోయి ఆగిపోయాను. పాతగచ్చు పీకేసి, కడప నల్లబండ చదరాలూ బేతంచెర్ల తెల్లబండ చదరాలూ కలిపి పరిచి ఉన్నారు. నాలుగు మూలలా నాలుగు నల్లపూలు. నడిమధ్యన ఒక పెద్ద పూవు. వాటిని కలుపుతూ తీగలు. గోడకు మా పత్రిక పేజీ మేకుతో కొట్టి ఉంది, దాని మీద మామ కొలతలు రాసుకున్నాడు.

మామ నన్ను చూసి లేచి, చేతుల మట్టి దులుపుకున్నాడు. ప్రతి సంచికా ఇంటికి టపాలో పంపేవాణ్ని గానీ, ఆయన నా రాతలు ఏనాడూ చదవలేదు. ఈ పేజీని మాత్రం నేను నోటితో చెప్పడానికి మొహమాటపడి అచ్చువేయించి పంపిన గచ్చు నమూనా అనుకున్నాడు. “శానా బాగుండాదిరా అబ్బీ. నిన్న శనక్కాయల వ్యాపారి వచ్చి చూసి, వాళ్ల కొత్తింటికి ఇదే కావల్లన్నాడు. ఇంకో ఇద్దరు అడిగినారు” అన్నాడు. ఉద్యోగం పోయిందని చెప్పాను. ఆయన కాసేపు ఆ గచ్చు వైపే చూశాడు. నేను బండల మధ్య నా చోటు ఎక్కడా అని చూసుకుంటున్నాను.

“ఇంకో పేపర్లో చేరు” అన్నాడు మామ. “ఈడ బండలు పరిచేవాళ్లు శానామంది ఉండారు. ఇట్లాంటివి యాడ దొరుకుతాయి? నెలకొకటి పంపిస్తాండు, చాలు.”

అట్లా నేను దినపత్రికల్లో పడి, ఇన్నేళ్లు అక్షరాల మీద బతికాను. నా రాతకు ఇంట్లో అనుమతి దొరికింది దాన్ని ఎవరూ చదవనందువల్లనే. మామకు నెలనెలా నమూనాలు పంపానా అంటే, పంపాను. కాకపోతే మనుషులు పూరించగల గళ్లే వేయడం నేర్చుకున్నాను కాబట్టి అవేవీ ఆయనకు నచ్చలేదు. వికారంగా ఉన్నాయని జవాబు రాయించేవాడు. నేను రాసిన పత్రికలన్నీ ఏ అంగట్లో పొట్లాలయ్యాయో తెలియదు. కడపలో ఆ పాత వీధుల్లో నాలుగైదు వసారాల్లో మాత్రం బార్డర్ భాయి గళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాన పడితే కొత్తగా మెరుస్తాయి. బండ ఎగరదని మామ అన్నమాట నిజమే.

మొన్న ఎండాకాలం ఆ ఇంటికి పోయాం (ఆ మామ కూతురే నా భార్య, ఆ వసారా మీదే మా పెండ్లి భోజనాలు పెట్టారు). సాయంత్రం ఒక్కణ్నే వసారాలో నిలబడి ఉన్నాను. నా పాదాలు వాటంతటవే మూలకు పోయి అడ్డం ఒకటి మీద నిలబడ్డాయి. రెండు తెల్లబండలు, ఆ తర్వాత నల్లపూవు. కుడికాలు ఒక గడిలో, ఎడమకాలు ఇంకో గడిలో. పోయినాక తెలిసేది, తెలిసినాక రానిది. ఎన్నో ఏళ్లుగా గుమ్మంలో అడ్డంగా నిలబడ్డ ‘చిన్నతనం’ ఆ రోజు ఎందుకో కొంచెం పక్కకు జరిగింది. ‘ప్రాయం’. రెండే గళ్లు, సరిగ్గా సరిపోయింది. గార్డు గారికి అప్పట్లోనే దొరికిన మాట అది. ఆయన వయసుకు నేను రావలసి వచ్చింది. డోన్ ప్లాట్‌ఫారం మీద ఆయన దాన్ని ఎందుకు ఇవ్వలేదో అర్థమై, ఒక్కణ్నే నవ్వుకున్నాను. లోపలి నుంచి మా ఆవిడ, ఈ వయసులో గచ్చు మీద తొక్కుడుబిళ్ల ఏమిటని కేకేసింది. ఒక్క నిమిషం అన్నాను. అడ్డం ఒకటి తేలాక నిలువు ఒకటిని వదిలిపెడితే ఎట్లా? ‘మన సీమ నది, పారినప్పుడు’. మొదటి అక్షరం ఇప్పుడు ‘ప్రా’. మూడు గళ్ల పొడవునా కిందికి దిగి, మళ్లీ పైకొచ్చి చాలాసేపు చూశాను. ‘ప్రా’తో మొదలయ్యే నది మా సీమలో ఇంకా పుట్టలేదు. పుట్టినవాటికే నీళ్లు లేవు.